పదహారు కుటుంబాలు, రెండు బడులు: ఆర్ భాషలో ఐగ్రాఫ్, స్టాట్‌నెట్

ఆర్ భాషలో సోషల్ నెట్‌వర్క్ విశ్లేషణ నేర్చుకుందామని కూర్చున్నవాళ్లకి మొదటి గంటలోనే దారి రెండుగా చీలుతుంది. ఐగ్రాఫ్ అనే ప్యాకేజీ దించుకోవాలా, స్టాట్‌నెట్ అనే ప్యాకేజీల కుటుంబాన్ని దించుకోవాలా? రెండూ ఉచితమే, రెండూ క్రాన్‌లో దొరుకుతాయి. రెండింటిలోనూ డిగ్రీ, బిట్వీన్‌నెస్, క్లోజ్‌నెస్ అనే ఒకే పేర్ల ఫంక్షన్లున్నాయి. అందుకే చాలామంది శిక్షకులు ఏది చేతికి అలవాటైతే అది వాడుకోండి అని చెప్పి ముందుకు సాగిపోతారు. ఆ మాట నేను ఒప్పుకోలేను. ఒకే దత్తాంశాన్ని ఈ రెండింటి ముందూ పెట్టి చూస్తే, నేర్చుకునేవాడి బుర్రలో అవి నాటే ప్రశ్నలే వేరని తెలుస్తుంది. ఐగ్రాఫ్ దగ్గర చదువుకున్నవాడు "ఈ నెట్‌వర్క్‌లో ఎవరు ఎక్కడున్నారు?" అని అడగడం నేర్చుకుంటాడు. స్టాట్‌నెట్ దగ్గర చదువుకున్నవాడు "ఈ నెట్‌వర్క్ ఇలాగే ఎందుకుంది, మరోలా ఉండే వీలుందా?" అని అడుగుతాడు. సోషల్ అనే విశేషణానికి న్యాయం జరిగేది రెండో ప్రశ్నతోనే అని నా నమ్మకం. అయితే మొదటిదాన్ని దాటుకుని నేరుగా రెండోదానికి వెళ్లే దారి మాత్రం లేదు.

ఈ తేడా పుట్టుకలోనే ఉంది. 1998లో వాట్స్, స్ట్రొగాట్జ్‌లు చిన్న ప్రపంచాల మీద, 1999లో బరబాసి, ఆల్బర్ట్‌లు స్కేల్-ఫ్రీ నెట్‌వర్కుల మీద రాసిన వ్యాసాలు వచ్చాక భౌతిక శాస్త్రవేత్తలు ఈ రంగంలోకి వెల్లువలా వచ్చారు. విద్యుత్ గ్రిడ్లు, ప్రొటీన్లు, వెబ్ పేజీలు, సినిమా నటులు, అన్నిటినీ ఒకే చూపుతో చూశారు. ఆ వాతావరణంలోనే హంగేరీకి చెందిన గాబోర్ చార్ది, తమాష్ నెపుస్ ఐగ్రాఫ్‌ను నిర్మించి 2006లో పరిచయ వ్యాసం ప్రచురించారు. దాని గుండె సి భాషలో ఉంది. అందుకే లక్షల బిందువులున్నా తొణకదు. ఆర్‌తోపాటు పైథాన్‌లోనూ అదే గుండె కొట్టుకుంటుంది.

స్టాట్‌నెట్ వచ్చిన దారి వేరు. మార్క్ హాండ్‌కాక్, డేవిడ్ హంటర్, కార్టర్ బట్స్, స్టీవెన్ గుడ్రో, మార్టినా మారిస్ వంటి గణాంక శాస్త్రవేత్తలు, సామాజిక శాస్త్రవేత్తలు కలిసి కట్టిన ఇల్లది. 2008లో జర్నల్ ఆఫ్ స్టాటిస్టికల్ సాఫ్ట్‌వేర్ 24వ సంపుటాన్ని ప్రత్యేకంగా వాళ్ల పనికే కేటాయించింది. దాని వెనక నిలిచిన ముఖ్యమైన అవసరాల్లో ఒకటి హెచ్ఐవీ వ్యాప్తి. కొద్దిమందిని అడిగి రాబట్టిన లైంగిక సంబంధాల వివరాల నుంచి మొత్తం జనాభాలో వ్యాధి ఎలా పాకుతుందో ఊహించాలి. అక్కడ చేతిలో ఉన్న నెట్‌వర్క్ ఒక నమూనా మాత్రమే. అసలుది కంటికి కనబడదు. ఈ అవసరంలోంచి పుట్టిన పనిముట్టు తన ముందున్న బొమ్మను పూర్తి నిజంగా ఎన్నడూ తీసుకోదు.

పరీక్షకు ఫ్లారెన్స్‌ను తీసుకుందాం. పదిహేనో శతాబ్దపు ఇటలీలో ఆ నగరాన్ని ఏలిన పెద్ద కుటుంబాల మధ్య వియ్యాలను, వ్యాపార పొత్తులను జాన్ పాడ్జెట్ చారిత్రక గ్రంథాల నుంచి కూర్చాడు. ఆ పెద్ద రాశి నుంచి 16 కుటుంబాలను ఎంచి 1986లో బ్రైగర్, ప్యాటిసన్‌లు వాడిన చిన్న దత్తాంశమే ఇప్పుడు ప్రపంచమంతా తరగతి గదుల్లో తిరుగుతోంది. పాడ్జెట్, ఆన్సెల్‌లు 1993లో రాసిన ప్రసిద్ధ వ్యాసం మెడిచీ కుటుంబం 1434 నాటికి ఎలా పైకి వచ్చిందో వివరించింది. 16 కుటుంబాలు, 20 వియ్యాలు, 15 పొత్తులు. కాగితం మీద చేత్తో గీసుకోగలిగినంత చిన్నది. నేర్చుకునేవాళ్లకి ఇంతకన్నా మంచి మొదటి పాఠం నాకు తెలియదు, ఎందుకంటే యంత్రం చెప్పిన ప్రతి అంకెనూ వేళ్ల మీద లెక్కపెట్టి సరిచూసుకోవచ్చు.

ఐగ్రాఫ్‌లో ఈ జాబితాను పెట్టగానే బొమ్మ వచ్చేస్తుంది. రెండో వాక్యానికి డిగ్రీలు వస్తాయి: మెడిచీకి 6 వియ్యాలు, స్ట్రోజ్జీకి 4, గ్వాదాన్యీకి 4. మూడో వాక్యానికి బిట్వీన్‌నెస్ వస్తుంది. ఏ రెండు కుటుంబాల మధ్యనైనా అతి దగ్గరి దారి వెతికితే, ఆ దారి ఎన్నిసార్లు ఫలానా కుటుంబం గడప తొక్కి పోతుందో చెప్పే కొలత అది. 1977లో లింటన్ ఫ్రీమన్ దీన్ని స్పష్టంగా నిర్వచించాడు. మెడిచీకి 47.5, గ్వాదాన్యీకి 23 చిల్లర, స్ట్రోజ్జీకి 9 చిల్లర. 1427 నాటి ఆస్తి చూస్తే స్ట్రోజ్జీలకు 1,46,000 లీరాలు, మెడిచీలకు 1,03,000. ఎక్కువ డబ్బున్నవాళ్లు అంచుకు దగ్గరగా ఉన్నారు, తక్కువ డబ్బున్నవాళ్లు నాలుగు వీధుల కూడలిలో ఉన్నారు. మెడిచీని బొమ్మలోంచి తీసేయమని ఇంకో వాక్యం రాస్తే అచ్చయ్యూలీ కుటుంబం ఒంటరిదైపోతుంది, సాల్వియాతీ, పాజ్జీలు మిగతా నగరంతో తెగిపోతారు. ఇంతవరకూ చేయడానికి పది వాక్యాల కోడ్ చాలు. నెట్‌వర్క్ అంటే ఏమిటో మొదటిసారి ఒంటికి పట్టేది ఇలాంటి క్షణంలోనే. ఈ పనిలో ఐగ్రాఫ్‌కు సాటి లేదు.

అయితే ఆ 47.5 దగ్గర కాస్త ఆగాలి. మెడిచీ మినహా మిగిలిన 15 కుటుంబాల్లో 105 జంటలుంటాయి. 47.5ను 105తో భాగిస్తే 45 శాతం. కానీ పుచ్చీ కుటుంబానికి ఈ జాబితాలో ఒక్క వియ్యం కూడా లేదు. దాన్ని లెక్కలోంచి తీసేస్తే 91 జంటలే మిగులుతాయి, అప్పుడు 52 శాతం. నగరంలో సగానికి పైగా దారులు మెడిచీల గుమ్మం మీదుగా పోతాయి అని ఒక పుస్తకం రాస్తుంది, సగానికి లోపే అని మరొక చోట అచ్చవుతుంది. రెండూ ఒకే దత్తాంశం, ఒకే కొలత. ఏ సంబంధమూ లేనివాణ్ని సమాజంలో లెక్కించాలా వద్దా అన్నది ప్రోగ్రాం తేల్చే విషయం కాదు. ఐగ్రాఫ్‌లో నార్మలైజ్ అనే ఒక్క మాట ఈ నిర్ణయాన్ని మన తరఫున చడీచప్పుడూ లేకుండా తీసేసుకుంటుంది.

ఇదే లక్షణం సముదాయాల గుర్తింపులో మరింత బాహాటంగా కనిపిస్తుంది. వేన్ జాకరీ 1970ల తొలినాళ్లలో ఒక అమెరికన్ విశ్వవిద్యాలయపు కరాటే క్లబ్బును గమనించి 1977లో వ్యాసం రాశాడు. 34 మంది సభ్యులు, 78 స్నేహాలు. శిక్షకుడికీ అధ్యక్షుడికీ గొడవై క్లబ్బు రెండుగా చీలింది. ఐగ్రాఫ్‌లో ఈ నెట్‌వర్క్ పేరు చెప్పి పిలిస్తే పలుకుతుంది. ఇక సముదాయాలు చూపించమని అడిగి చూడండి. ఫాస్ట్-గ్రీడీ పద్ధతి మూడు గుంపులంటుంది. లూవెన్ నాలుగు. గర్వాన్, న్యూమన్‌ల ఎడ్జ్-బిట్వీన్‌నెస్ అయిదు. వాస్తవంలో చీలింది రెండుగా. ఈ పద్ధతులు కొలబద్దగా పెట్టుకున్న మాడ్యులారిటీ విలువ నాలుగు గుంపులకు 0.42 దగ్గరికి వస్తే, నిజంగా జరిగిన రెండు ముక్కల చీలికకు 0.36 మాత్రమే. అంటే వాస్తవం కొలబద్ద దగ్గర తక్కువ మార్కులు తెచ్చుకుంది. ఐగ్రాఫ్ అయిదారు జవాబులు వరసగా పేర్చిపెడుతుంది. వాటిలో దేన్ని ఎందుకు నమ్మాలో చెప్పే సాధనం అదే వరసలో కనబడదు. అందమైన రంగులు పూసిన గుంపుల బొమ్మను చూసి అది సమాజపు సహజ విభజన అనుకునే ప్రమాదం ఇక్కడే ఉంది. పత్రికల్లో, నివేదికల్లో రోజూ చూస్తున్నాం.

జాకరీ స్వయంగా చేసిన పని దీనికి భిన్నం. క్లబ్బులో సమాచారం ఏ గీతల మీదుగా ప్రవహిస్తుందో లెక్కగట్టి ఎక్కడ తెగుతుందో చెప్పాడు. ఒక్క సభ్యుడి విషయంలో తప్ప ఆ లెక్క సరిపోయింది. ఆ ఒక్కడూ, తొమ్మిదో నంబరు వ్యక్తి, అధ్యక్షుడి వైపు మొగ్గినవాడే. అయినా శిక్షకుడితో వెళ్లాడు. బ్లాక్ బెల్ట్ పరీక్షకు మూడు వారాలే ఉంది మరి. అధ్యక్షుడి వైపు వెళితే కొత్త పద్ధతిలో మొదటి నుంచీ మొదలుపెట్టాలి. నెట్‌వర్క్‌లో లేని కారణం ఒకటి మనిషిని లాక్కుపోయింది. జాకరీ దాన్ని దాచకుండా రాశాడు. నేర్చుకునేవాళ్లందరూ కోడ్ రాసేముందు ఆ వ్యాసం చదివితే బాగుంటుందని నాకనిపిస్తుంది.

ఇప్పుడు ఫ్లారెన్స్‌నే స్టాట్‌నెట్ ముందు పెడదాం. మొదటి అనుభవం చేదుగానే ఉంటుంది. అందులోని ఎస్ఎన్ఏ ప్యాకేజీలో మెడిచీ డిగ్రీ అడిగితే 12 అని వస్తుంది, బిట్వీన్‌నెస్ 95. ఐగ్రాఫ్ చెప్పినదానికి సరిగ్గా రెట్టింపు. ఎందుకంటే, వేరుగా చెప్పకపోతే ప్రతి సంబంధమూ దిశ ఉన్నదే అని ఈ ప్యాకేజీ భావిస్తుంది. ఒక్కో వియ్యాన్ని అటునుంచి ఒకసారి, ఇటునుంచి ఒకసారి లెక్కపెడుతుంది. సామాజిక శాస్త్రజ్ఞుల అలవాటు అది, ఎవరు ఎవర్ని స్నేహితుడిగా పేర్కొన్నారు అని అడిగి రాసుకున్న పట్టికలతో పెరిగారు కాబట్టి. పద్ధతి న్యాయమైనదే, కానీ కొత్తవాడికి ఇది గోతి. గమనించనివాడు వ్యాసం అచ్చయ్యేదాకా గమనించడు.

ఆ గోతి దాటాక అసలు పాఠం మొదలవుతుంది. ఎర్గమ్ అనే భాగంలో వియ్యాల నెట్‌వర్క్ పేరు రాసి, ఒక అలగీత పెట్టి, పక్కన ఎడ్జెస్ అని రాస్తాం. రిగ్రెషన్ సూత్రం రాసినట్టే. జవాబుగా మైనస్ 1.609 వస్తుంది. మొదట ఏమీ అర్థం కాదు. తిరగేసి లెక్క కడితే ఆరింట ఒకటి అని తేలుతుంది: సాధ్యమైన 120 జంటల్లో 20 వియ్యాలు. తెలిసిన విషయాన్నే ఇంత చుట్టు తిప్పి చెప్పడమెందుకని అనిపించవచ్చు. తర్వాతి అడుగులో ఆ చుట్టు విలువ తెలుస్తుంది.

వియ్యంకుల వియ్యంకులు తమలో తాము వియ్యమందుకుంటారా? మూడు కుటుంబాలు త్రిభుజంగా ముడిపడతాయా? ఐగ్రాఫ్‌లో ట్రాన్సిటివిటీ అడిగితే 0.19 అని ఒక సంఖ్య వస్తుంది. అది ఎక్కువా, తక్కువా? ఆ సంఖ్య తనంతట తాను ఏమీ చెప్పదు. స్టాట్‌నెట్‌లో అదే సూత్రానికి ట్రయాంగిల్ అని చేర్చితే, ఆ పదానికి వచ్చిన గుణకం సున్నాకు వేరుగా లేదని తేలుతుంది. ఎందుకో చేత్తోనే చూడొచ్చు. 16 కుటుంబాల్లోంచి మూడేసి చొప్పున 560 జట్లు కట్టవచ్చు. ప్రతి వియ్యమూ ఆరింట ఒకటి చొప్పున యాదృచ్ఛికంగా కుదిరితే, మూడూ కుదిరే అవకాశం 216లో ఒకటి. 560ని 216తో భాగిస్తే 2.6. ఫ్లారెన్స్‌లో నిజంగా ఉన్న త్రిభుజాలు 3. అంటే, కేవలం కాకతాళీయంగా కూడా ఇన్ని త్రిభుజాలు ఏర్పడతాయి. వియ్యాలు గుంపులు కట్టాయని కథ అల్లడానికి ఇక్కడ ఆధారం లేదు. నెట్‌వర్క్ బొమ్మను చూస్తే ఒక పక్కన స్ట్రోజ్జీ, పెరూజ్జీ, బిస్కేరీ, కాస్తెల్లానీలు ఒక ముఠాలా కనిపిస్తారు. కన్ను చెప్పిన మాటను కాసేపు పక్కన పెట్టమని అంటుంది ఈ లెక్క.

ఐగ్రాఫ్‌తో ఇది చేయలేమా అంటే చేయగలం. ఇన్ని బిందువులు, ఇన్ని గీతలతో యాదృచ్ఛిక నెట్‌వర్కులు వెయ్యి పుట్టించి పోల్చే ఫంక్షన్లు అందులో ఉన్నాయి, డిగ్రీలు చెదరకుండా గీతలను మార్చే సదుపాయమూ ఉంది. సమస్య సామర్థ్యానిది కాదు. ఐగ్రాఫ్‌లో ఆ పోలిక అడిగితేనే వస్తుంది, అడగాలని గుర్తుచేసేవాడుండడు. స్టాట్‌నెట్ ఎర్గమ్‌లో పోలిక లేకుండా జవాబే రాదు.

పొత్తులకూ వియ్యాలకూ లంకె ఉందా అన్న ప్రశ్న ఇంకా బాగుంటుంది. ఈ దత్తాంశంలో 8 జంటలు వియ్యమూ అందుకున్నాయి, పొత్తూ పెట్టుకున్నాయి. వాటికీ వీటికీ ఏ సంబంధమూ లేకపోతే ఎన్ని జంటలు కలిసేవి? 20ని 15తో గుణించి 120తో భాగిస్తే 2.5. ఎనిమిదికీ రెండున్నరకూ చాలా దూరం. రెండు పట్టికల మధ్య సహసంబంధం 0.37. మామూలు గణాంక పరీక్ష ఇక్కడ చెల్లదు, ఎందుకంటే మెడిచీ కుటుంబం ఒక్కటే ఆరు గీతల్లో ఉంది, గీతలు ఒకదానికొకటి స్వతంత్రం కావు. ఎస్ఎన్ఏలోని క్యూఏపీ పరీక్ష చేసేది చాలా సరళమైన పని. నెట్‌వర్క్ ఆకారాన్ని ముట్టుకోకుండా, పేర్ల చీటీలను మాత్రం కలగాపులగం చేసి, మళ్లీ మళ్లీ సహసంబంధం లెక్కిస్తుంది. అసలు విలువను అందుకున్న కలగాపులగాలు ఎన్నో చూస్తుంది. గణితం రానివాళ్లకి కూడా ఈ పరీక్షను బోర్డు మీద చీటీలతో వివరించవచ్చు. నెట్‌వర్క్ గణాంకాల్లో నాకు అన్నిటికన్నా ఇష్టమైన పాఠం ఇదే.

ధనం సంగతి. ఎర్గమ్ సూత్రానికి ఆస్తిని చేర్చితే చిన్నదే అయినా గట్టి ప్రభావం తేలుతుంది: జంట ఆస్తి పెరిగేకొద్దీ వియ్యం కుదిరే అవకాశం పెరుగుతుంది. ఈ గుణకాలతో అత్యంత ధనిక జంటకు లెక్క కడితే, మెడిచీ, స్ట్రోజ్జీల మధ్య వియ్యానికి దాదాపు సగానికి సగం అవకాశం ఉందంటుంది నమూనా. అక్కడ వియ్యం లేదు. 1434లో కొసిమో దె మెడిచీ ప్రవాసం నుంచి తిరిగొచ్చాక పల్లా స్ట్రోజ్జీ నగరం విడిచి వెళ్లాల్సి వచ్చింది. ఎంత మంచి నమూనా అయినా తాను ఎక్కడ తప్పిందో ఇలా వేలు పెట్టి చూపిస్తే, చరిత్ర చదవాల్సిన చోటు మనకు దొరుకుతుంది. బిట్వీన్‌నెస్ 47.5 అన్న సంఖ్య ఎప్పుడూ తప్పదు, అందువల్ల ఆ రకంగా దారి చూపనూ లేదు.

తెలుగువాళ్లు ఈ దత్తాంశం చూసినప్పుడు వెంటనే ఒక లోటు తడుతుంది. రెండు కుటుంబాల మధ్య ఒకే వియ్యం ఉన్నా నాలుగున్నా ఇక్కడ ఒకటే గీత. మేనరికాలు చేసుకునే సమాజంలో అదే గడపకు తరం తర్వాత తరం పిల్లనివ్వడమే సంబంధానికి బలం. ఎవరు పిల్లనిచ్చారు, ఎవరు తెచ్చుకున్నారు అన్నదీ ఈ పట్టికలో పోయింది. ఐగ్రాఫ్ ఒకే జంట మధ్య ఎన్ని గీతలైనా ఒప్పుకుంటుంది, దిశలనూ ఉంచుకుంటుంది. ఎర్గమ్ దిశను పట్టించుకుంటుంది కానీ ఒకే వైపు రెండో గీతను ఒప్పుకోదు. దాన్ని బరువుగా మార్చి మరో రకం నమూనా కట్టాలి. మన కుటుంబ చరిత్రలను ఎవరైనా ఇలా విశ్లేషించబోతే మొదట అడ్డుపడేది ఇదే, ఇక్కడ ఐగ్రాఫ్ నయం.

స్టాట్‌నెట్ మీద నా ఫిర్యాదు వేరే ఉంది. త్రిభుజాల పదాన్ని కాస్త పెద్ద నెట్‌వర్క్ మీద వాడితే నమూనా కుప్పకూలుతుంది. ఒక స్నేహం మరో త్రిభుజాన్ని, ఆ త్రిభుజం మరో స్నేహాన్ని పుట్టిస్తూ పోయి, అనుకరణలో అందరికీ అందరూ స్నేహితులైపోతారు, లేకపోతే ఎవరికీ ఎవరూ కాకుండా పోతారు. 2006లో స్నైడర్స్, ప్యాటిసన్, రాబిన్స్, హాండ్‌కాక్‌లు ప్రతిపాదించిన కొత్త పదాలు ఈ సమస్యను చాలావరకు కుదుటపరిచాయి. రెండో త్రిభుజానికి మొదటిదానికన్నా తక్కువ, మూడోదానికి ఇంకా తక్కువ విలువనివ్వడమే వాటి కిటుకు. కానీ ఆ పదాల అర్థం ఒక విద్యార్థికి వివరించడానికి పడే కష్టం ఇంతా అంతా కాదు. ప్యాకేజీతో వచ్చే పాఠాల్లో 205 మంది విద్యార్థుల కల్పిత బడి ఒకటుంది, నిజమైన పిల్లల గోప్యత కోసం అనుకరణతో తయారుచేసింది. దాని మీద ఈ పదాలు నడిపి, గుడ్‌నెస్-ఆఫ్-ఫిట్ బొమ్మలు గీయిస్తే, నమూనా పుట్టించిన బడులు అసలు బడిని ఎక్కడ పోలాయో, ఎక్కడ పోలలేదో తెలుస్తుంది. కష్టపడి ఆ బొమ్మ దాకా వచ్చినవాళ్లు మరి వెనక్కి చూడరు. మధ్యలోనే వదిలేసేవాళ్లు ఎక్కువ. దానికి స్టాట్‌నెట్ కూడా కొంత బాధ్యత వహించాలి. లక్ష మంది ఉన్న నెట్‌వర్క్ ఇస్తే అది గంటల తరబడి మూలుగుతుంది. ఐగ్రాఫ్ క్షణాల్లో డిగ్రీలు పంచిపెడుతుంది.

ఈ రెండు బడులకూ చెరో పుస్తకం ఉంది, రెండూ స్ప్రింగర్ వారి యూజ్ ఆర్ వరసలోవే. ఎరిక్ కొలచిక్, గాబోర్ చార్దిల పుస్తకం 2014లో వచ్చింది, రెండో కూర్పు 2020లో. ఐగ్రాఫ్ కర్తల్లో ఒకరు రాసినా అది ఐగ్రాఫ్ ప్రచారం కాదు. ఎర్గమ్‌కీ చోటిచ్చింది, గణాంకపు పునాది కూడా గట్టిది. ఏటొచ్చీ పాఠకుడు ముందే చాలా చదివి వచ్చాడని అనుకుంటుంది. డగ్లస్ లూక్ 2015 పుస్తకం ప్రజారోగ్య రంగం నుంచి వచ్చింది. 2010 ప్రపంచ కప్‌లో నెదర్లాండ్స్ జట్టు పాసులు, పొగాకు నియంత్రణ సంస్థల మధ్య సహకారం వంటి ఉదాహరణలు తీసుకుని చేయి పట్టుకుని నడిపిస్తుంది. ఒంటరిగా చదువుకునేవాళ్లకు నేను లూక్‌నే ముందు ఇస్తాను.

పాత పాఠాలతో జాగ్రత్త అవసరం. 2012లో 0.6 కూర్పు వచ్చేదాకా ఆర్‌లోని ఐగ్రాఫ్ బిందువులను సున్నా నుంచి లెక్కపెట్టేది, ఆ తర్వాత ఒకటి నుంచి. 2015లో ఫంక్షన్ల పేర్లలో చుక్కలు పోయి అండర్‌స్కోర్లు వచ్చాయి. పాత కోడ్ నకలు చేస్తే ఒక్కోసారి తప్పు చూపకుండానే పక్కవాడి డిగ్రీ మన చేతికి వస్తుంది. రెండు ప్యాకేజీలనూ ఒకేసారి తెరిస్తే, చివర తెరిచినదాని డిగ్రీయే పలుకుతుంది. ప్యాకేజీ పేరు ముందు పెట్టి రెండు కోలన్లతో పిలవడం మొదటి రోజు నుంచే అలవాటు చేసుకోవాలి. ఒకదాని వస్తువును మరొకదానికి మార్చడానికి ఇంటర్‌గ్రాఫ్ అనే చిన్న ప్యాకేజీ ఉంది.

అన్నిటికన్నా పెద్ద తేడా చివరికి ఉంచాను. మన పక్కనే, దక్షిణ కర్ణాటక గ్రామాల్లో 2006లో జరిగిన సర్వే నుంచి ఒక గొప్ప దత్తాంశం వచ్చింది. అభిజిత్ బెనర్జీ, అరుణ్ చంద్రశేఖర్, ఎస్తర్ డుఫ్లో, మాథ్యూ జాక్సన్‌లు 2013లో సైన్స్ పత్రికలో రాసిన వ్యాసానికి ఆధారం అదే. 75 ఊళ్లు. చేబదులు ఎవరి దగ్గర తెచ్చుకుంటారు, బియ్యమో కిరోసినో అయిపోతే ఎవరింటికి వెళ్తారు, గుడికి ఎవరితో వెళ్తారు, సలహా ఎవరినడుగుతారు, ఇలా పన్నెండు రకాల సంబంధాలు నమోదు చేశారు. తర్వాత 43 ఊళ్లలోకి సూక్ష్మ రుణ సంస్థ ఒకటి వచ్చింది. మొదట కబురందుకున్నవాళ్లు నెట్‌వర్క్‌లో కేంద్రంలో ఉన్న ఊళ్లలో అప్పు తీసుకున్నవాళ్లు ఎక్కువని తేలింది. తాము అప్పు తీసుకోనివాళ్లు కూడా కబురు మోశారని, మొత్తం భాగస్వామ్యంలో దాదాపు మూడో వంతు వాళ్ల చలవేనని రచయితలు లెక్కగట్టారు. దత్తాంశం అందరికీ అందుబాటులో ఉంది. కులం, మతంతో పాటు మాతృభాష కూడా అందులో ఉంది, ఆ ఊళ్లలో తెలుగు ఇళ్లూ ఉన్నాయి.

తెలుగు మాట్లాడే ఇళ్లు చేబదుళ్లకు తెలుగు ఇళ్లకే వెళ్తాయా? ఐగ్రాఫ్‌లో అసార్టేటివిటీ అడిగితే భాష ప్రకారం కలయిక ఎంతో ఒక సంఖ్య వస్తుంది. కానీ ఒకే భాషవాళ్లు ఒకే కులంవాళ్లు కావచ్చు, ఒకే వీధివాళ్లు కావచ్చు, చుట్టాలు కావచ్చు. ఆ సంఖ్య వీటన్నిటినీ కలిపి ముద్దచేస్తుంది. ఎర్గమ్‌లో నోడ్‌మ్యాచ్ అనే పదాన్ని భాషకొకటి, కులానికొకటి పెట్టి, చుట్టరికాన్ని మరో నెట్‌వర్క్‌గా చేర్చి, భాషకు మిగిలిందేమిటో అడగవచ్చు. తెలుగు పాఠకుడికి నిజంగా కావలసింది ఈ రెండో జవాబే.

అంతకన్నా ముందు ఒక చిక్కు విప్పాలి. సంబంధాల ప్రశ్నలు ప్రతి ఊళ్లో దాదాపు సగం కుటుంబాల నుంచి ఎంచుకున్నవాళ్లనే అడిగారు. సగం ఇళ్లనే అడిగితే, ఏ ఇంటినీ అడగని జంటలు మొత్తం జంటల్లో నాలుగో వంతు దాకా ఉంటాయి. వాళ్ల మధ్య ఏముందో ఎవరికీ తెలియదు. పట్టికలో అక్కడ సున్నా కనిపిస్తుంది. చంద్రశేఖర్, రాండల్ లూయిస్‌లు ఇలాంటి నమూనా నెట్‌వర్కుల మీద వేసిన కొలతలు ఎలా పక్కదారి పడతాయో వేరే అధ్యయనంలో వివరంగా చూపించారు. ఐగ్రాఫ్‌లో రెండు బిందువుల మధ్య గీత ఉంటుంది, లేకపోతే ఉండదు. మూడో స్థితికి చోటు లేదు, కావాలంటే మనమే ఏదో గుర్తు తగిలించుకోవాలి. స్టాట్‌నెట్‌లో ఆ గడిలో సున్నాకు బదులు ఎన్ఏ అని రాయవచ్చు. హాండ్‌కాక్, గైల్‌లు 2010లో వివరించిన పద్ధతిలో, తెలియని గీతలను లేని గీతలుగా పొరబడకుండా ఎర్గమ్ వాటి చుట్టూ లెక్క కడుతుంది. నెట్‌వర్క్ పేరు టైప్ చేసి ఎంటర్ కొట్టిన ప్రతిసారీ స్టాట్‌నెట్ ముద్రించే నాలుగు ముక్కల సారాంశంలో, తెలియని గీతలెన్ని అన్న వరస ఒకటి తప్పకుండా ఉంటుంది. ఫ్లారెన్స్‌కు అక్కడ సున్నా వస్తుంది. కర్ణాటక ఊరిని సరిగ్గా ఎక్కిస్తే వేలల్లో వస్తుంది. బిట్వీన్‌నెస్ బొమ్మకు రంగులు ఎంచుకునేముందు ఆ వరస చూసుకోమని నేర్పే పాఠ్యప్రణాళిక మన విశ్వవిద్యాలయాల్లోని గణాంక, సామాజిక శాస్త్ర విభాగాలు రెండూ కలిసి రాయాలని నా కోరిక. గణాంక విభాగం దగ్గర ఎర్గమ్ గణితముంది, సామాజిక శాస్త్ర విభాగం దగ్గర ఊళ్లో ఎవర్ని అడగలేకపోయామో తెలిసిన మనుషులున్నారు.